చీమ తుమ్మినా వినే వెర్లిన్

“పక్క జిల్లాలో చీమ తుమ్మినా నాకు వినపడుతుంది,” అన్నాడు వెర్లిన్, సూప్ జుర్రుకుంటూ. “పాప కిక్కుమంటే చాలు, లేచి కూర్చుంటా. నువ్వు నిశ్చింతగా నైట్ డ్యూటీకి వెళ్ళు.”

అతని వెనక పొయ్యి మీద కెటిల్ అప్పటికే రైలింజన్‌లా కూత పెడుతోంది. ఆ కూతకి పక్కింటి కుక్క ఊరొదిలి పోయింది. వెర్లిన్ తీరిగ్గా సూప్‌లో మిరియాల పొడి చల్లుకున్నాడు.

“కెటిల్!” అంది అతని భార్య జానెల్, మొహంలోకి చూస్తూ.

“నీళ్ళు ఇంకాస్త మరగాలని ఆగానంతే,” అంటూ లేచాడు.

ధాన్యం గిడ్డంగిలో ఆరబెట్టే ఫ్యాన్ల పక్కన పనిచేసి చేసి అతని ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది సగం పోయింది. సోమవారం నుంచి జానెల్‌కి వృద్ధాశ్రమంలో ఉద్యోగం. ఎన్నాళ్ళో ఎదురుచూసిన ఉద్యోగం. చెవుల సంగతి తెలిస్తే వద్దనేస్తుంది. తెలియకపోతే రాత్రంతా పసిపిల్లతో ఇంట్లో తనొక్కడే. ఈ రెండోదే వెర్లిన్‌ని ఎక్కువ భయపెట్టేది.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే పాపని బుట్టలో పడుకోబెట్టుకుని చర్చి కింది హాల్లో స్క్వేర్ డాన్స్ క్లాసుకి వెళ్ళారు. నాలుగు జంటలు చదరంగా నిలబడాలి. క్లాసు నడిపే కుబిచెక్ గారు మైకులో ఏది చెప్తే అది ఆ క్షణమే చెయ్యాలి. ఆయన ప్రతిసారీ వరస మార్చేస్తాడు కాబట్టి బట్టీ పట్టి లాభం లేదు. అందుకని వెర్లిన్ ఎదురుగా ఉన్న ప్లంబర్‌ని చూసి చేసేవాడు. ప్లంబర్ తుమ్మితే తనూ తుమ్మేవాడు. తాళం మాత్రం నేల అదురుని బట్టి బూట్లలోంచి తెలిసేది.

కొత్తవాళ్ళకి సాయం చేసే పాత డాన్సర్లని అక్కడ దేవదూతలంటారు. వెర్లిన్‌కి ఎడమ పక్కన నిలబడ్డ దేవదూత పేరు ఓపల్. డెబ్బై దాటిన మనిషి, సర్కస్ డేరా అంత గౌను. మధ్యలో ఆవిడ పెదాలు కదిలాయి. వెర్లిన్ నవ్వుతూ తలూపి, “థాంక్సండీ!” అన్నాడు.

ఓపల్ అతన్ని వింతగా చూసింది. వెర్లిన్ గబగబా ప్లంబర్ వైపు తిరిగాడు.

వీపూ వీపూ ఆనించి తిరిగే అడుగు వచ్చింది. అప్పుడు ప్లంబర్ కనపడడు, గోడ ఒక్కటే కనపడుతుంది. వెర్లిన్ గుడ్డిగా తిరిగి ఇటు వచ్చేసరికి అందరూ కదలకుండా నిలబడి ఉన్నారు. ఆలస్యమైపోయాననుకుని వేగం పెంచాడు. చెయ్యి చాచాడు, వంగాడు, ఒక్కడే గిర్రున తిరిగాడు. అప్పుడు తెలిసింది, కాళ్ళ కింద నేల అదరడం లేదు.

అందరూ అతని వెనక్కి చూస్తున్నారు. తిరిగి చూశాడు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో బెంచీ మీద బుట్ట. అందులో పాప మొహం బీట్‌రూట్‌లా కంది, నోరు ఇంత పెద్దగా తెరిచి ఉంది. జానెల్ పరిగెత్తి పాపని ఎత్తుకుంది.

చదరం చెదిరిపోతే ఎవరు మొదలుపెట్టిన చోటికి వాళ్ళు పోయి నిలబడాలి. ఆ చోటుని ‘ఇల్లు’ అంటారు. వెర్లిన్ కాళ్ళీడ్చుకుంటూ తన ఇంటికి వెళ్ళి నిలబడ్డాడు. జానెల్ పాపతో వచ్చి అతనికి కుడి పక్కన, జోడీ నిలబడే చోట నిలబడింది. సగం పనిచేసే చెవి అటువైపే ఉంది.

“ఎంతసేపటి నుంచి ఏడుస్తోందో తెలుసా?”

“ఇప్పుడేగా?”

“ఇప్పుడేనా! కుబిచెక్ గారు మైకులో మూడుసార్లు పిలిచారు నిన్ను!”

“నేనూ ఇందాక ‘అబ్బాయ్, నీ ప్యాంటు వెనకాల చిరిగింది’ అన్నానమ్మా,” అంది ఓపల్. “నాకు థాంక్స్ చెప్పాడు.”

ఆవిడ ఈసారి అరిచినట్టే చెప్పింది. వెర్లిన్ గబుక్కున చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

“చిరగలేదులే. నీకు వినపడుతోందో లేదోనని అనుమానమొచ్చి అన్నా,” అంది ఓపల్.

జానెల్ నవ్వలేదు. “వెర్లిన్, ఇటు చూడు. నిజం చెప్పు.”

“చీమ సంగతి అబద్ధం,” అన్నాడు నేల చూస్తూ. “ఎడమది పూర్తిగా పోయింది. కుడిది సగం. చెప్తే ఉద్యోగం మానేస్తావని చెప్పలేదు. పాప ఏడుస్తుంటే నేను గురక పెడుతూ ఉంటానేమోనని రోజూ చస్తున్నా. కదిలితే తెలుస్తుందని ఉయ్యాల మీద చెయ్యేసి పడుకుంటున్నా.”

తర్వాత ఇంకా చిన్నగా అన్నాడు.

“కెటిల్ కూడా వినపడలేదు.”