తిన్నాక చెబుదాం

రెండేళ్లుగా ఆ దేశంలో పనిచేస్తున్నా దాని రాజధానిని మేం చూడలేదు. సెలవు దొరికిన రోజు తెల్లవారుతూనే ముగ్గురం బస్సెక్కాం: టైల్స్ మేస్త్రీనైన నేను, క్యాంపులో వంట చేసే బాబాయ్, వెల్డరు బక్కోడు. ఫొటోలు బక్కోడి ఫోన్‌లో బాగా వస్తాయి. ఫోజులిచ్చేది వాడు, తీసేది నేను కాబట్టి అది నా చేతిలోనే ఉంది.

"సరిగ్గా తియ్యి మేస్త్రీ, అక్కకి పంపాలి. తల నరికేస్తున్నావు," అన్నాడు. తల్లి లేని వాణ్ణి ఆ అక్కే పెంచింది.

"ఉన్నదే బెత్తెడు మొహం, నరకడానికేముందిరా," అన్నాను.

పదింటికి వాళ్లిద్దరూ పాత బురుజు ఎక్కారు. మోకాళ్లు సహకరించక నేను కిందే ఉండిపోయాను. అప్పుడు ఫోన్ మోగింది. బక్కోడి బావ. గొంతు పూడుకుపోయి ఉంది.

"వాళ్లక్కకి చాలా సీరియస్‌గా ఉంది. వాడికోసారి ఇవ్వండి."

"వాడు పైనున్నాడు. నేను చెప్తాలెండి, మీరు ధైర్యంగా ఉండండి," అని పెట్టేశాను.

నాకు అర్థమైపోయింది. దూరాన ఉన్నవాడికి మనవాళ్లు చావు కబురు నేరుగా ఎప్పుడు చెప్పారు గనక? మా నాన్న పోయినప్పుడు నాకూ "సీరియస్‌గా ఉంది, బయల్దేరు" అనే చెప్పారు. దారి పొడుగునా దేవుళ్లందరికీ మొక్కుకుంటూ వెళ్లాను. అప్పటికే దహనం కూడా అయిపోయింది. ఇలాంటివి నాకొకరు నేర్పాలా అనుకున్నాను.

సూపర్‌వైజరుకి ఫోన్ చేస్తే రాత్రి విమానానికి టికెట్ వేయిస్తానన్నాడు. బాబాయ్ దిగి రాగానే పక్కకి పిలిచి చెప్పాను. ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"పోయిన ప్రాణం ఎటూ తిరిగి రాదు. ఇప్పుడు చెబితే వాడు పచ్చి మంచినీళ్లు ముట్టడు. సాయంత్రం దాకా తిప్పి, తిన్నాక చెబుదాం," అన్నాను.

"తప్పేమో మేస్త్రీ."

"పెద్దవాళ్లం, మనం కాకపోతే ఎవరు చూస్తారు బాబాయ్?"

తిప్పాం. కోట చూపించాం, మ్యూజియం చూపించాం, పడవెక్కించాం. వాడి ఫోన్‌కి ఛార్జింగ్ అయిపోయిందని చెప్పి నా ఫోన్‌తో ఫొటోలు తీశాను. సైలెంట్‌లో పెట్టిన వాడి ఫోన్ నా జేబులో వణుకుతూనే ఉంది. ఏడవడానికి చుట్టాలు చేస్తున్నారనుకున్నాను.

"అక్కకి నీళ్లంటే భయం. ఈ పడవ ఫొటో చూసిందంటే నాకు తలంటుతుంది," అని నవ్వాడు బక్కోడు. బాబాయ్ మొహం తిప్పుకున్నాడు. నాకైతే, సిగ్గు విడిచి చెబుతున్నాను, నా పెద్దరికానికి నాకే ముచ్చటేసింది.

ఐదింటికి హోటల్లో వద్దంటున్నా రెండోసారి వడ్డింపించి కడుపునిండా తినిపించాం. వాడు చెయ్యి కడుక్కొచ్చాక భుజం పట్టుకున్నాను.

"ఒరేయ్, అక్క ఇక లేదురా. పొద్దున్నే తెలిసింది."

వాడు ఏడవలేదు. ఫోన్ లాక్కుని బావకి చేశాడు. ఆయన మాటలు మా ఇద్దరికీ వినబడుతూనే ఉన్నాయి.

"ఇప్పుడా చేస్తావు? మూడున్నరకి పోయిందిరా. అప్పటిదాకా తెలివిలోనే ఉంది. నీతో ఒక్క మాట మాట్లాడాలని ఫోన్ చెవి దగ్గరే పెట్టించుకుంది."

బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు.

బక్కోడు ఎత్తని కాల్స్ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. చివరికి తలెత్తాడు.

"పదకొండు సార్లు చేసింది. ఒక్కసారైనా ఎత్తాలనిపించలేదా మేస్త్రీ?"

అనిపించలేదు. అదే నిజం. అదే చెప్పాను.