కిమ్చీ తొట్టిలో కారు నీళ్ళు

నవంబరు చివర్లో గమాక్ కనుమ పల్లెల్లో ప్రతి ఇంటి ముందూ క్యాబేజీలు గుట్టలుగా పడి ఉంటాయి. దల్‌సు ఇంటి ముందు మాత్రం ఆ గుట్ట పక్కన అతని కారు కూడా పడి ఉంది. రెండిటి సంగతీ రేపటిలోగా తేలిపోవాలి.

క్యాబేజీల సంగతి అతని భార్య ఓక్‌బున్ చూసుకుంటుంది. రేపు ఆమె చెల్లెళ్ళు ముగ్గురూ వస్తున్నారు. అందరూ కలిసి చలికాలం గట్టెక్కేదాకా సరిపడే కిమ్చీ, అదే క్యాబేజీ ఊరగాయ, పెడతారు. వాళ్ళను కనుమ అవతలి బస్టాండు నుంచి తీసుకురావలసింది ఈ కారే. కిందటేడు సగం ఎత్తు ఎక్కేసరికి ఇంజన్ మరిగి ఆవిరి కక్కితే, చెల్లెళ్ళు కొత్త కోట్లు వేసుకుని మరీ బండి తోశారు. ఓక్‌బున్‌కి ఆ తలవంపు ఇంకా దిగలేదు. ఈసారి మరిగిందంటే తుక్కు కొట్టుకి తోలించేస్తానని ఇంటిల్లిపాదికీ, అంటే దల్‌సుకీ కుక్కకీ, ముందే చెప్పేసింది.

దల్‌సుకి ఆ కారంటే ప్రాణం. కూతురు బోమిని పుట్టాక ఇంటికి తెచ్చింది అందులోనే. ప్రాణమని పేరే గానీ, ఇంజన్ని చల్లగా ఉంచే కూలెంట్ పోయవలసిన రేడియేటర్‌లో ఇన్నేళ్ళుగా దారిలో దొరికిన వాగు నీళ్ళే పోస్తూ వచ్చాడు మహానుభావుడు. అవి లోపలంతా తుప్పు పట్టించి, హీటర్‌కి కూడా వేడి అందకుండా చేశాయి. ఊరికే వస్తాయన్నది తప్ప వాటిలో ఇంకో సుగుణం లేదు.

మిరపకాయలు పట్టించడానికి ఓక్‌బున్ మిల్లుకి వెళ్ళగానే పనిలోకి దిగాడు. ముందు చక్రాలు రెండూ దిమ్మల మీదకి ఎక్కించి, ఇంజన్ చల్లగా ఉందని తడిమి చూసుకుని మూత తీశాడు. ఇక అడుగున మర విప్పాలి. కానీ ఆ నీళ్ళు నేలపాలు కానివ్వకూడదు. అందులో పాత కూలెంట్ ఎంతో కొంత మిగిలే ఉంటుంది, తియ్యగా ఉంది కదా అని కుక్క నాకిందంటే చస్తుంది. బకెట్ చూస్తే చిన్నది. గోడవారన మనిషి మఠం వేసుకుని కూర్చోగలిగేంత పెద్ద ఎర్ర రబ్బరు తొట్టి కనిపించింది. అది దేనికి వాడేదో దల్‌సుకి తెలుసు. తెలిసీ, ఆ కాసేపూ తెలియనట్టు ఉండిపోయాడు.

మర తిప్పగానే బార్లీ టీలా ఎర్రటి తుప్పు నీళ్ళు దూకాయి. మంచినీళ్ళు పోసి ఇంజన్ తిప్పడం, చల్లారాక వదలడం, తేట నీళ్ళు వచ్చేదాకా ఇదే పని. తర్వాత పచ్చటి కొత్త కూలెంట్ పోసి, మూత తీసే ఉంచి, హీటర్ పూర్తిగా పెట్టి ఇంజన్ నడిపించాడు. లోపల చిక్కుకున్న గాలి బుడగలు బుడగలుగా పైకొచ్చింది. చివరికి విందారగించిన మామగారిలా కారు బ్రేవ్‌మని తేన్చింది. దల్‌సు మురిసిపోయి దాని బానెట్ నిమిరాడు.

పాత నీళ్ళు మెకానిక్‌కి ఇవ్వడానికి డబ్బాల్లోకి ఎత్తాడు. తొట్టిని సబ్బు పెట్టి తోమి తోమి కడిగి, ఎప్పటిలా గోడకి ఆనించాడు. మిల్లు నుంచి వచ్చిన ఓక్‌బున్ దాని ముందు ఆగిపోయింది.

"ఇదెవరు కడిగారు?"

"నేనే."

"మీరా? పెళ్ళయిన దగ్గర్నించీ తిన్న గిన్నె తీసిన పాపాన పోలేదు, నా కిమ్చీ తొట్టి కడిగారా? మా చెల్లెళ్ళకి చెప్పినా నమ్మరు. రేపు మీరే చెప్పాలి వాళ్ళకి."

అని ఊరుకోకుండా తియ్యటి పెర్సిమన్ పండు ఒకటి తొక్క తీసి, ముక్కలు కోసి తెచ్చి అతని చేతిలో పెట్టింది. అలా ఆమె పండు కోసిచ్చి ఎన్నాళ్ళయిందో. దల్‌సు తొట్టి వంకే చూస్తూ తిన్నాడు. ఎంత తోమినా ఆ విషం రబ్బరులో మిగల్లేదని ఎవరు చెప్పొచ్చారు? నోరు విప్పితే ఆమె కోపానికి కారు తుక్కు కొట్టుకి పోతుంది. విప్పకపోతే రేపు ఇంటెడు చుట్టాలు తింటారు. ఈలోగా ఓక్‌బున్ తొట్టి వెల్లకిలా తిప్పి, ఉప్పు బస్తా మూతి విప్పింది. ఏం చెయ్యాలో తోచక దల్‌సు వెళ్ళి తొట్టిలో కూర్చున్నాడు.

"ఏమిటీ వేషం? లేవండి."

"లేవను."

"బోమి నాన్నా, పొద్దు పోతోంది. ఉప్పెయ్యాలి."

"ఇందులో వద్దు. ఇందులో కారు నీళ్ళు పట్టాను."

ఓక్‌బున్ కారు వంక చూసింది, తొట్టి వంక చూసింది, తొట్టిలో మొగుడి వంక చూసింది.

"ముందు నా పండు నాకిచ్చెయ్యండి" అంది.

కోసిన క్యాబేజీలు ఆగవు. అంత తొట్టి కనుమ అవతలి సంతలో తప్ప దొరకదు. ఓక్‌బున్ కోటు వేసుకుని, రేడియేటర్ కోసం ఎప్పుడూ పట్టుకెళ్ళే రెండు నీళ్ళ సీసాలూ ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది.

"ఆవిరి కనబడిందా, అక్కడే దిగిపోతాను. తొట్టి నెత్తిన పెట్టుకుని నడిచొస్తాను. మీరు దీంతోనే కాపురం చేసుకోండి."

ఊరు కనుమ పైనే ఉంది, వెళ్ళేటప్పుడు దిగుడే కాబట్టి అసలు గండం తిరుగుదారిలోనే. కొత్త తొట్టిని కారు నెత్తిన బోర్లించి తాళ్ళతో కట్టి బయల్దేరారు. ఎప్పుడూ మరిగే మలుపులో నూడుల్స్ దుకాణం ఉంది. దాని యజమానురాలు వీళ్ళ కారు చప్పుడు వినగానే అలవాటు ప్రకారం నీళ్ళ కెటిల్‌తో రోడ్డు మీదకి వచ్చి నిలబడింది. కారు ఆగలేదు. ఆమె కెటిల్ పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

కనుమ పైకి చేరేసరికి ఓక్‌బున్ ఒక సీసా మూత విప్పింది. రేడియేటర్‌కేననుకుని దల్‌సు ఉలిక్కిపడ్డాడు. ఇంజన్ వేడి చూపే ముల్లు చూశాడు, మధ్యలోనే ఉంది. ముందుకి చూశాడు, ఆవిరీ లేదు పొగా లేదు. పక్కకి తిరిగితే ఓక్‌బున్ సీసా ఎత్తి గటగటా తాగుతోంది.

"ఆ హీటర్ తగ్గించండి, ఉడికిపోతున్నాను. ఇన్నేళ్ళూ ఇందులో దుప్పటి కప్పుకుని వణికాను" అంటూ కోటు బొత్తాలు విప్పుకుంది. తర్వాత రెండో సీసా అతనికి అందించింది.

"మీరూ తాగండి. ఇక దానికి అక్కర్లేదుగా."