బైరాగి తొక్కిన బోర్డు

మా అబ్బాయి గురువులు సంత్రాగాఛిలో రైలు సిగ్నళ్ళు బాగుచేసే ఉద్యోగం చేస్తాడు. నాది ఓడరేవు పక్కన, బెంగాలీల మధ్య ఉండే మెటియాబ్రుజ్. మా నడుమ గంగ ఒక్కటే. లాంచీలో దాటి బస్సెక్కితే గంటన్నర దారి. ఆ గంటన్నర దారి నా కొడుకు పదహారేళ్ళు రాలేదు.

రాకపోడానికి కారణం నా ట్రంకుపెట్టెలోనే ఉండేది, పాత పచ్చ చీరలో చుట్టి. కంప్యూటరు లోపల ఉండే పెద్ద పలక, మదర్‌బోర్డు. నేను చదివింది రెండో తరగతే గాని ఆ బోర్డు మీద ఏ మూల ఏ డబ్బా ఉందో, ఏ గీత ఎటు పోతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఏటా ఒకసారి ఒళ్ళో పెట్టుకుని తోమేదాన్ని మరి.

వాడు దాన్ని ఇంటికి తెచ్చింది తొంభైమూడులో. అప్పటికి వాడికి ఇరవై ఒకటి. ఖిదిర్‌పూర్‌లో ఒక దుకాణంలో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేవాడు. ఎక్కడో ఓడరేవు డాకు వేలంలో పాత సరుకులో దొరికిందని గుండెకి హత్తుకుని తెచ్చాడు. "అమ్మా, ఇంకా పెట్టె, తెర దొరికితే చాలు. మనింట్లో కూకుని ఆటలాడుకోవచ్చు. ఒక బొమ్మ మనిషి ఉంటాడు, గోతులు దూకుతాడు, గోడలెక్కుతాడు" అని చేతులు తిప్పుకుంటూ చెప్పాడు. వాడి చిన్నప్పుడు కూడా అంత సంతోషం నేను చూడలేదు.

మా ఆయన బైరాగి టెక్కలి దిక్కు మనిషి. డాకులో మూటలు మోసేవాడు. చెప్పులు తొడగడం ఎరగడు, అరికాళ్ళు రేవు బల్లల్లా ఉండేవి. యూనియన్‌లో ముందు వరస. ఆ రోజుల్లో డాకు ఆఫీసులో కంప్యూటర్లు పెడతారంట, పెడితే పదిమంది పని ఒక్కటే చేసేస్తాదంట అని రోజూ మీటింగులే. ఊరేగింపులో జెండా మా ఆయనదే. కర్ర ఒత్తుకోకుండా భుజం మీద తువ్వాలు మడిచి పెట్టేదాన్ని నేనే.

ఆ ఏడు బిశ్వకర్మ పూజనాడు జరిగింది. ఈ ఊళ్ళో పనిముట్టు ఉన్న ప్రతి ఇంట్లో ఆ రోజు పూజ. మా ఆయన కొక్కెం, గురువులు స్క్రూడ్రైవర్లు, నా కత్తిపీట అన్నీ కడిగి చాప మీద పెట్టి బొట్లు పెట్టాను. గురువులు వాటి పక్కనే ఆ బోర్డునీ పెట్టాడు. ప్రసాదానికి యూనియన్ వాళ్ళు నలుగురొచ్చారు. అందులో ఒక దాదా, ఇక్కడ అన్నలని అలాగే పిలుస్తారు, దాన్ని చూసి నవ్వాడు. "ఏటి బైరాగీ దాదా, డాకులో కంప్యూటర్ వద్దని అరుస్తావు, ఇంట్లో పెట్టి పూజ చేస్తావా?" అని బెంగాలీలో అన్నాడు. తక్కిన ముగ్గురూ నవ్వేశారు. ఆ నవ్వే మా కొంప తీసింది.

మా ఆయన లేచాడు. బోర్డు తీసుకెళ్ళి గల్లీ రాళ్ళ మీద బోర్లా పడేసి, కాలెత్తి తొక్కాడు. రెండుసార్లు. మూడోసారి ఎత్తిన కాలు దించలేకపోయాడు. బోర్డు వెనకవైపు సూదుల్లాంటి మొనలుంటాయి, అవి దిగిపోయాయి. రాళ్ళ మీద రక్తం.

గురువులు దాన్ని ఎత్తి చూడనైనా లేదు. గల్లీలో అందరూ వింటుండగా అన్నాడు: "అది బతికిననాడే ఈ గడప తొక్కుతాను." చొక్కా భుజాన వేసుకుని పోయాడు. తర్వాత రైల్వే పరీక్ష రాశాడు, ఉద్యోగం వచ్చింది, రైల్వే క్వార్టర్స్‌లోనే ఉండే సత్యానందం గారమ్మాయి విజయ కుమారిని చర్చిలో పెళ్ళి చేసుకున్నాడు. నేనొక్కదాన్నే వెళ్ళాను.

బోర్డు నేనే ఎత్తి తెచ్చుకున్నాను. చచ్చిందో బతికిందో నాకేం తెలుసు! కొడుకు దాని మీద ఒట్టు పెట్టుకుని పోయాడు కాబట్టి అది ఇంట్లో ఉండాలి, అంతే. రెండో ఏడు పెట్టె తీస్తే ఒక మూల చిన్న బాటరీ కారి, చుట్టూ పచ్చగా కిలుం పట్టింది. ఇత్తడికి కిలుం పడితే ఏం చేస్తామో అదే చేశాను. పట్టకారుతో బాటరీ పీకేసి, చింతపండు పులుసుతో రుద్దాను. నిగనిగలాడింది. ఇక ప్రతి బిశ్వకర్మ పూజకీ చింతపండు, కొబ్బరిపీచు పెట్టి తోమడం, గంగనీళ్ళు చల్లడం, పసుపు రాసి బొట్టు పెట్టడం, ఎండలో ఆరబెట్టి మళ్ళీ చీరలో చుట్టడం.

మా ఆయన గుమ్మంలో కూచుని చూసేవాడు. ఒకసారి అడిగాడు, "బతుకుతాదేటే అది?" అని. నేను పీచు పెట్టి తోముతూనే ఉన్నాను. ఇంకోసారి అరికాలు చూపించి, "నాను తొక్కడం కాదే, అదే నన్ను కరిసింది" అన్నాడు, నవ్విద్దామని. నేను నవ్వలేదు. ఆ పూజనాడు మొదలు ఆయన పోయేదాకా దాదాపు ఎనిమిదేళ్ళు కంచం ముందు పెట్టేదాన్ని గాని, ఇంకో ముద్ద వేసుకోమని ఒక్కనాడు అడగలేదు. రెండువేల ఒకటిలో పోయాడు. గురువులు గంగ ఒడ్డున ఘాటు దగ్గర తలకొరివి పెట్టి, అటునుంచటే లాంచీ ఎక్కేశాడు. ఇంటికి రాలేదు.

ఇప్పుడా యూనియన్ ఆఫీసులోనే రెండు కంప్యూటర్లున్నాయి. ఆ నవ్విన దాదాయే వాటిముందు కూచుని పేకాట ఆడుతుంటాడు. కిటికీలోంచి కనిపిస్తాడు.

మొన్న ఫిబ్రవరిలో కోడలు వచ్చింది. మూడు నెలలకోసారి వచ్చి నా మందులిచ్చి, కాసేపు కూచుని వెళ్తుంది. మంచి పిల్ల. ఆ రోజు చేపలు తోముతూ చెప్పింది. "అత్తమ్మా, మీ అబ్బాయికి కొత్త పిచ్చి పట్టింది. పాత ఆటల కంప్యూటరు కడుతున్నారు. పెట్టె తెచ్చారు, లావుపాటి తెర తెచ్చారు, బోర్డే కుదరట్లేదు. చాందినీ మార్కెట్లో ఒకటి తెచ్చి బాగుచేస్తే పదిరోజులు ఆడి ఆగిపోయింది. ఆ కాలంది తొంభైమూడు, తొంభైనాలుగుది కావాలంట."

నా చేతిలో చేప గిన్నెలో పడేశాను. "తొంభైమూడుది నా దగ్గరున్నాది కదే" అన్నాను.

ఆదివారం పొద్దున్నే చీరమూట చంకన పెట్టుకుని లాంచీ ఎక్కాను. దారంతా ఒకటే లెక్క వేసుకున్నాను: బోర్డు బతికుంటే వాడు గడప తొక్కాలి. ఒట్టు వాడిదే, నాది కాదు.

గురువులు తలుపు తీసి, మూట చూసి, "ఏటమ్మా, బియ్యం తెచ్చావేటి?" అన్నాడు. విప్పి బల్ల మీద పెట్టాను. వాడు చాలాసేపు చెయ్యి వెయ్యలేదు. జుట్టు నెరిసిపోయింది నా కొడుక్కి, ఆ రోజు సరిగ్గా చూశాను.

"ఇన్నాళ్ళూ ఉంచీసినావేటి?"

"నువ్వు సూపమన్నప్పుడు సూపిద్దావని ఉంచీసినాను. సూడు మరి."

దీపం దగ్గరికి లాక్కుని, భూతద్దం పెట్టి మొదలుపెట్టాడు. నేను పక్క కుర్చీలో కూచున్నాను, డాక్టరు దగ్గర కూచున్నట్టు. ముందు నిలబడి ఉండే చిన్న డబ్బాలు చూశాడు. "ఇవి ఉబ్బితే బోర్డు పోయినట్టే. ఒక్కటీ ఉబ్బలేదు." తర్వాత నల్లటి పొడుగు గాళ్ళు, కార్డులు దిగే సందులు, లెక్కపెట్టాడు. "ఇలాంటివి ఇప్పటి బోర్డులకి ఉండవమ్మా. పాత ఆటలకి శబ్దం వినపడాలంటే దాని కార్డు ఈ గాళ్ళలోనే దిగాలి. అన్నీ బాగున్నాయి." ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది.

వెనక్కి తిప్పాడు. మొనలు వంగి ఉన్నాయి, నడుమ ఒక అరచేతి మేర. వాడు వేలితో వాటిని తడిమాడు. పలక పగిలిందేమో అని దీపానికి అడ్డుపెట్టి చూశాడు, రెండు చేతులతో మెల్లిగా వంచి చూశాడు.

"పగల్లేదు" అన్నాడు.

"ఏటీ?"

"అయ్య తొక్కినందుకు మొనలు వంగినాయి. అంతే. సూదితో లేపీసుకోవచ్చు. ఆ రోజే కరెంటు పెట్టి సూసుంటే..." అని ఆగిపోయాడు.

వంటగదిలోంచి విజయ కుమారి వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏవండీ, అంటే బాగున్నట్టేనా?"

"ఉండు, ఇంకా మీటరు పెట్టలేదు."

మీటరుకి రెండు సూదులు. గీతకి ఆ చివరొకటి ఈ చివరొకటి ఆనిస్తే, గీత బతికుంటే కీచుమంటుందంట. ఆనించాడు, కీచుమంది. ఇంకోటి, కీచుమంది. ఇంకోటి. నేను ఒక్కో కీచుకీ వాడెక్కిన లాంచీ ఒక్కో గజం మా ఘాటు వైపు వస్తున్నట్టు ఎంచుకుంటున్నాను. వాడికేసి చూస్తే మొహం బిగుసుకుపోతోంది. ఫ్యాను తిరుగుతున్నా మెడ తుడుచుకున్నాడు. పనిలో మునిగిపోయాడనుకున్నాను.

"వొచ్చే నెల మీ అయ్య తద్దినం" అన్నాను, ఊరికే అన్నట్టు.

వాడు తలెత్తకుండా సూదులు జరుపుకుంటూ పోయాడు. ఒకప్పుడు బాటరీ ఉన్న మూలకి వచ్చాడు. సూది ఆనించాడు. ఏమీ లేదు. మళ్ళీ ఆనించాడు. పక్క గీత. దాని పక్క గీత. ఆ మూలంతా మీటరు నోరెత్తలేదు. భూతద్దంలో చూసి, మీటరు కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"దీన్ని దేంతో కడిగినావమ్మా?"

చెప్పాను. చింతపండు, కొబ్బరిపీచు, గంగనీళ్ళు, పసుపు, కుంకం. పద్నాలుగేళ్ళు.

వాడు నవ్వాడు. "మొదటిసారి పులుసు పెట్టడం మంచిదే. బాటరీ కారితే మేమూ పులుపే రాస్తాం, వెంటనే మంచినీళ్ళతో కడిగేస్తాం. ఒక్కసారి సేసి ఊరుకుంటే బతికీది. ఈ గీతలే దాని నరాలమ్మా. ఏడాదికోసారి కొబ్బరిపీసు పెట్టి అరగదీసినావు, మిగిలినవి కుంకం తినీసింది. కీబోర్డు తగిలించే కాడ ఒక్క గీతా లేదు." చెంబు ఎత్తి గడగడా నీళ్ళు తాగాడు. "అయ్య తొక్కుడికి ఏటీ అవలేదు దీనికి. సంపీసింది నువ్వు."

నా చేతులు చూసుకున్నాను. వేళ్ళ సందుల్లో లాంచీ మురికి. వాడు కోడలితో "టీ పెట్టు, అమ్మకి చక్కెర ఎక్కువ వెయ్యి" అన్నాడు. గొంతు మామూలుగా ఉంది. బోర్డు బాగుందన్నంతసేపూ బిగుసుకున్న మొహం, పోయిందన్నాక వదులైంది. కాళ్ళు చాపుకున్నాడు. జ్వరం దిగిన పిల్లాడిలా ఉన్నాడు.

వాణ్ణి కన్నదాన్ని. ఆ మొహం నాకు తెలుసు. చిన్నప్పుడు బడికి సెలవన్నప్పుడు అలాగే ఉండేది.

అయినా అడిగాను. "నువ్వు రేడియోలకి తీగలు అతికీవాడివి కదరా. పోయిన గీతల సోట తీగ అతికితే?"

"అతకొచ్చు. ఎంత పనమ్మా! సన్నపు తీగలు, ఒక్కోటీ భూతద్దం పెట్టి... ఎవరికి తీరిక?"

"మొన్న చాందినీ బోర్డుకి పదకొండు తీగలు అతికారు కదండీ" అంది విజయ కుమారి, టీ గ్లాసు నా చేతికిస్తూ. "రెండు ఆదివారాలు కూచున్నారు. భోజనానికి కూడా లేవలేదు."

"అది వేరు."

"ఏం వేరు?"

గురువులు టీ ఊదుకున్నాడు. ఆ పిల్ల మళ్ళీ అడగలేదు. నావైపు చూసి, కళ్ళు దించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

టీ తాగాక నేను బోర్డు చుట్టడానికి చీర పరిచాను. వాడు "ఉండమ్మా" అని చిన్న స్క్రూడ్రైవరుతో బోర్డు మీది నల్లటి చదరపు బిళ్ళని మెల్లిగా లేపి తీశాడు. "ఇది దీని మెదడు, బాగున్నాది. దొరకదు ఇప్పుడు. వేరే బోర్డు దొరికితే ఏస్తాను. ఉంచుకోనా?"

"ఉంచుకో నాయనా" అన్నాను. నా కొడుకు ఇన్నేళ్ళలో నన్నడిగింది అదొక్కటే.

విజయ కుమారి లాంచీ దాకా వచ్చింది. టికెట్టు తీసిచ్చి, "అత్తమ్మా, తద్దినానికి నేను తీసుకొస్తాను ఆయన్ని. ఎలాగైనా" అంది.

"వద్దే తల్లీ. నువ్వు రా" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం అన్నం వండి, ఆయనకిష్టమైన ఎండునెత్తళ్ళ కూర చేసి, కంచం మా ఆయన పటం ముందు పెట్టాను. బోర్డు పక్కన పెట్టాను, వంగిన మొనలు కనిపించేటట్టు.

"నీ తొక్కుడికి ఏటీ అవలేదంట" అని చెప్పాను. "మొనలే వంగినాయంట. సంపింది నేనంట. ఇంకో ముద్ద ఏసుకో."

కొడుకు సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పలేదు. బోర్డు బతికుంటే వచ్చేవాడే, పాపం, అది చచ్చిపోయింది కాబట్టే రాలేదన్నాను. ఆయనకి అలాగే తెలియనీ.