పదకొండు గంటలకే చేరిన రత్నమాల

సైకిల్ తొక్కడానికి కూడా మీటింగు పెట్టుకునే మనుషులుంటారని రత్నమాలకు ఆ శనివారం దాకా తెలియదు. తెల్లవారుజామున ఐదింటికి తెల్లాపూర్‌లో బయలుదేరిన పద్నాలుగు మందీ సంగారెడ్డి దాటగానే ఓ మూసేసిన దాబా ముందు గుండ్రంగా నిలబడ్డారు. పక్కనే మురుగు కాలువ. ఆ కంపులోనే రంగనాథ్ ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు: ఇప్పటిదాకా ఏం చేశారు, ఇక ఏం చేస్తారు, అడ్డంకులేమైనా ఉన్నాయా? రోజూ ఆఫీసులో పదింటికి అడిగే ప్రశ్నలే. అక్కడైతే కనీసం ఏసీ ఉంటుంది.

"నా అడ్డంకి ఈ కంపేనండి" అంది రత్నమాల. ఎవరూ నవ్వలేదు. ఆమె ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది కాబట్టి ఆమెకు హాస్యమాడే హక్కు లేదన్నట్టు చూశారు.

రంగనాథ్ హైటెక్ సిటీలో వాళ్ళందరికీ పై అధికారి. ఇది ఐటీ కంపెనీల మధ్య పోటీ. తెల్లాపూర్ నుంచి బీదర్ దాకా నూట పదిహేను కిలోమీటర్లు. ఎవరి ఫోన్‌లోని యాప్ వాళ్ళ వేగం లెక్కగడుతుంది, అందరి సగటూ జట్టు మార్కు. పద్నాలుగు మందిలో ఒక్కరు తగ్గినా జట్టు పోటీలో ఉండదు. పద్నాలుగో మనిషి దొరక్క, యాభై ఒక్కేళ్ళ రత్నమాలను బతిమాలి చేర్చుకున్నది రంగనాథే. ఇప్పుడామె వల్ల సగటు పడిపోతోందని మొహం ముడుచుకుంటున్నదీ అతనే.

రత్నమాలది తెనాలి, ఉండేది హఫీజ్‌పేట్. పని టెస్టింగ్, అంటే ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. ఇరవై ఆరేళ్ళుగా ఆమె పట్టిన తప్పులన్నీ ఎవరో ఒకరి పేరు మీదే పైకి వెళ్ళాయి. అందుకే ఈ నూట పదిహేను కిలోమీటర్ల మీద ఆమెకంత పట్టుదల. ఆరు నెలలు, కూతురు నీహారిక కాలేజీ రోజుల నాటి సైకిల్ మీద రింగు రోడ్డు పక్కన తొక్కి తొక్కి మోకాళ్ళు అరగదీసుకుంది. ఇది తన కాళ్ళతో తను చేరాలి. వేరే ఎవరి పేరూ అందులో ఇరుక్కోవడానికి సందుండదనుకుంది పాపం.

రంగనాథ్‌కు కుడిభుజం లాంటి గిరీష్ నవ్వుకుంటూ దగ్గరికొచ్చాడు.

"మేడమ్, మీ ఫోన్ ఛార్జింగ్ సగమే ఉంది. ఇటివ్వండి, మన సామాన్ల వ్యాన్‌లో ఛార్జింగ్ పెడతా. యాప్ ఆన్‌లోనే ఉండనీండి."

"మరి నా లెక్కో?"

"వ్యాన్ ఎప్పుడూ చివరి మనిషి వెనకాలే వస్తుంది గదా మేడమ్. అంటే మీ వెనకాలే."

చివరి మనిషి అన్న మాట చురుక్కుమన్నా, ఫోన్ ఇచ్చేసింది.

సదాశివపేట దగ్గర ఆ వ్యాన్ హారన్ కొట్టి, ఆమెను దాటి, మళ్ళీ కనిపించలేదు. రోడ్డు మాత్రం ఆమెను వదల్లేదు. లారీల పొగ గొంతులో దిగింది. జట్టు ముందే వెళ్ళిపోయిన గుర్తుగా దారి పొడవునా వాళ్ళు ఓపిక కోసం పిండుకుని తాగి పారేసిన తీపి గుజ్జు పొట్లాలు, వాటి మీద మూగిన ఈగలు. పర్యావరణం అని టీషర్టుల మీద అచ్చేయించుకున్నది ఈ మనుషులే. ఒకచోట ఆగి రెండు పొట్లాలు ఏరింది. చేతులు జిగటపడ్డాయి, కడుక్కోవడానికి నీళ్ళు చాలక ఒళ్ళంతా రోత పుట్టింది.

జహీరాబాద్ దాటి బీదర్ దారికి మళ్ళాక, మధ్యాహ్నం ఒంటిగంటకు వెనక టైరు కూర్చుండిపోయింది. పంచర్ సామాను వ్యాన్‌లో ఉంది. సైకిల్ నెట్టుకుంటూ రెండు కిలోమీటర్లు నడిస్తే లారీ టైర్ల పంచర్ కొట్టు కనిపించింది. ముందు కూర్చున్న కిష్టమ్మ అనే ముసలామె లేచి వచ్చింది.

"ఏంది బిడ్డా, ఈ ఎండల గిట్ల నెట్టుకుంట వస్తున్నవ్? నీతోటి ఎవ్వరు లేరా?"

"పదమూడు మంది ఉన్నారమ్మా" అంది రత్నమాల. నోరు చేదుగా ఉంది. "ఒకసారి ఫోన్ ఇస్తారా?"

జట్టులో ఎవరి నంబరూ నోటికి రాదు. వచ్చేది భర్త పార్థసారథిది ఒక్కటే.

"ఏమండీ, నేను. సైకిల్ పంచరైంది."

"బీదర్‌లో పంచరేమిటి? పదకొండింటికే చేరిపోయావుగా" అన్నాడాయన. "పొద్దుట్నుంచీ యాప్‌లో మ్యాప్ మీద నీ చుక్కనే చూస్తున్నాను. సంగారెడ్డి దాటాక ఏం తొక్కావు, రత్నా. వంశీ పక్కనే, ఒక్క అడుగు వెనకపడకుండా. శభాష్ అని మెసేజ్ కూడా పెట్టాను."

వంశీ జట్టులో అందరికంటే వేగంగా తొక్కే కుర్రాడు. తన ఫోన్ వ్యాన్‌లో లేదు, వంశీ జేబులో ఉంది. పద్నాలుగు చుక్కలూ బీదర్ చేరాయి కాబట్టి వెనక్కి ఎవరూ రారు. రోడ్డు మీద ఒక ఆడమనిషి ఉందా పోయిందా అన్నది వాళ్ళకు లెక్కే కాదు. రత్నమాల జరిగిందంతా భర్తకు చెప్పింది.

"కారు తీసుకుని వచ్చేయనా?" అన్నాడు విషయం విన్న పార్థసారథి.

"వద్దండి. ఇంకా పాతిక కిలోమీటర్లే ఉంది."

కిష్టమ్మ అప్పటికే ట్యూబు బయటికి లాగి నీళ్ళ తొట్టిలో ముంచింది. మొగుడు పండుకున్నడు, లేపితే పొద్దుగూకుతది అంటూ తనే అతుకేసింది. నీహారిక సైకిల్‌ను చూసి జట్టంతా నవ్వింది గానీ, దాని ట్యూబుకు గాలి కొట్టే మూతి లారీ ట్యూబు మూతి లాంటిదే. ఇక్కడి పంపుతోనే గాలి పట్టింది. వాళ్ళ సన్న మూతుల సైకిళ్ళయితే ఇక్కడే కూలబడేవి.

"జర నిమ్మళంగ పో బిడ్డా. ఎవలు తరుముతున్నరు నిన్ను?"

నిజమే, ఎవరూ తరమడం లేదు. చివరి పాతిక కిలోమీటర్లూ మీటింగు లేదు, సగటు లేదు, ఫోన్ లేదు. ఎర్రమట్టి చేల మీంచి వెనకగాలి వచ్చి వీపు మీద చెయ్యేసింది. పొద్దున్నుంచి మొదటిసారి ఆమెకు హాయిగా అనిపించింది. ఒక ఎత్తు ఎక్కి దిగేటప్పుడు చిన్నపిల్లలా కాళ్ళు బార్లా చాపింది కూడా.

కోట ఎదురుగా ఉన్న హోటల్లో జట్టంతా బిర్యానీలు ముగించి బ్యానరు పట్టుకుని ఉన్నారు. రంగనాథ్ ఎదురొచ్చి, ఆలస్యం గురించి ఒక్క ముక్క అడక్కుండా, ఆమె మెడలో పతకం వేయబోయాడు.

"కంగ్రాట్స్ మేడమ్. ఆడవాళ్ళలో మీరే ఫస్ట్. జట్టు కూడా ఫస్టే."

"నా ఫోన్ ఇప్పించండి."

వంశీ తలొంచుకుని, టీషర్టు వెనక జేబులోంచి తీసిచ్చాడు. వాడి చెమట అంటి జిగటగా ఉంది. చెంగు లేదు కాబట్టి బ్యానరు అంచుకే శుభ్రంగా తుడిచింది. యాప్ తెరిచింది. 'రత్నమాల, చేరిన సమయం ఉదయం పదకొండు గంటల నాలుగు నిమిషాలు' అని పచ్చటి అక్షరాలు. కింద 'తొలగించాలా?' అన్న ప్రశ్న. అవును అని నొక్కింది.

"మేడమ్, ఏం చేస్తున్నారు? జట్టు పోటీలోంచి పోతుంది" అన్నాడు రంగనాథ్.

"టెస్టింగండి. తప్పు దొరికింది, తీసేశాను."

ఎవరి మొహమూ చూడకుండా బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, ఇంటికి ఫోన్ చేసింది.

"ఏమండీ, బీదర్ చేరాను."

"ఎన్నింటికి?"

"నాలుగుంపావుకి. ఆ లెక్క ఎక్కడా ఉండదు, మీరు క్యాలెండర్ మీద రాయండి."