గేటు పాట

మొదట్లో డోయల్ ప్రూయెట్ చేతిలో ఉన్న సరుకు ఇంతే: మెడ కాస్త వంగిన గిటారు, లక్ష మైళ్లు తిరిగిన ట్రక్కు, సొంతంగా కట్టిన పాటలు ఇరవై ఒకటి. అందులో ఇరవై, జనం బీరు తెచ్చుకోవడానికి లేచి వెళ్లే పాటలు. నికార్సయినది ఒక్కటే, ‘గేటు తీసే ఉంచాను’ అనే, జంటలు కలిసి ఆడే వాల్జ్ పాట. అలిగి వెళ్లిన భార్య తిరిగొస్తుందని రాత్రంతా గేటు తీసి ఉంచి, తెల్లారేసరికి దూడలన్నిటినీ పోగొట్టుకున్నవాడి గోడు అది. టెక్సస్‌లోని ఆ ఊళ్లో ఆ పాట విని నవ్వనివాడు లేడు, నవ్వి ఊరుకున్నవాడూ లేడు.

లిడియా క్రెనెక్ డాన్సు హాల్లో శనివారం శనివారం చివరి పాట అదే. “దానికోసం జనం ఆఖరిదాకా ఉంటారు. ఉన్నవాడు తాగుతాడు,” అనేది లిడియా. తలుపు దగ్గర టిక్కెట్లు చింపే నదీన్, డోయల్ భార్య, ఆ పాట రాగానే పెట్టె మూసి లిడియాతో కలిసి ఆడేది. మొగుడితో ఏనాడూ ఆడలేదు. అతనెప్పుడూ వేదిక మీదే కదా.

“ఊరందరినీ ఆడిస్తావు, నా వంతెప్పుడు?” అనేది.

“పాట రికార్డు కానీ. అది పెట్టుకుని ఇంట్లోనే ఆడదాం,” అనేవాడు.

ఒకరోజు నాష్‌విల్ నుంచి ఒక రికార్డు కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. పేరున్న గాయకుడికి పాట నచ్చిందట. “మేం పాడించేదాకా మాకోసం ఆపి ఉంచు,” అన్నాడు. కాగితం లేదు, బయానా లేదు. డోయల్ నోటిమాట మీదే దూడల్ని అమ్మే ఇంట్లో పుట్టినవాడు. బేరం కుదిరిన సరుకును మళ్లీ కొట్లో పరచకూడదనుకున్నాడు. ఆ శనివారం నుంచే హాల్లో ఆ పాట మానేశాడు.

“ఏమయ్యా, ఈ వారమైనా గేటు తీస్తావా?” అని కింద నుంచి కేకలు.

“తాళంచెవి నాష్‌విల్‌లో ఉంది!” అని స్టీల్ గిటార్ వాయించే వర్జిల్ జవాబు.

మొదటి ఏడు నవ్వారు. రెండో ఏడు అడగడం మానేశారు. మూడో ఏడు చివరి పాట దాకా ఉండడమే మానేశారు. నాలుగో ఏడు లిడియా సగం బల్లలు ఎత్తి గోడకు ఆనించింది.

“ఇదిగో అబ్బాయ్, నిన్ను వెళ్లమనను. కానీ నువ్వు ఆపి ఉంచింది పాటను కాదు, నా హాలును,” అంది.

నదీన్ మోకాలు వాచి, కుర్చీలో కూర్చునే టిక్కెట్లు చింపుతోంది. అది చూశాకే డోయల్ నాష్‌విల్‌కు ఫోన్ కలిపాడు.

ఎత్తింది ఎవరో అమ్మాయి. “ఆయన ఇక్కడ మానేసి రెండేళ్లయిందండీ. మీ పాట జాబితాలో లేదు.”

“మరి నేను నాలుగేళ్లుగా పాడకుండా కూర్చున్నానే!”

“పాడొద్దని ఎవరన్నారండీ? ఆపి ఉంచమంటే ఇంకొకరికి రికార్డు చేయడానికి ఇవ్వొద్దని, అంతే. మీ ఊళ్లో మీరు రోజూ పాడుకోవచ్చు.”

డోయల్ ఫోన్ పెట్టేశాడు. కోపం రాలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి.

ఆ శనివారం హాల్లో పదకొండు మంది. చివర్లో వాల్జ్ ఎత్తుకున్నాడు. లిడియా తుడుస్తున్న గ్లాసు కింద పెట్టింది. నదీన్ పెట్టె మూసింది గానీ లేవలేదు. మొదటి చరణం కాగానే డోయల్ గిటారు దింపేశాడు.

“వర్జిల్, మిగతాది నువ్వు పాడు.”

“నా గొంతుతోనా? ఉన్న పదకొండు మందీ పోతారు!”

“పోనీ.”

కిందికి దిగి నదీన్‌కు చెయ్యి అందించాడు. ఆమె మోకాలు పట్టుకుని లేచింది. నాలుగు అడుగులు వేశారో లేదో, “అబ్బా, కాలు తొక్కావు! ముప్పై ఏళ్లు ఊరందరినీ ఆడించి, నువ్వు నేర్చుకున్నది ఇదా?” అంది. అతని భుజం మాత్రం వదల్లేదు. వర్జిల్ శ్రుతి తప్పి పాడుతూనే ఉన్నాడు. ఎవరూ లేచి వెళ్లలేదు.

పోయినవి నాలుగేళ్లు, సగం జనం, నదీన్ మోకాలు. వచ్చింది సగం వాల్జ్. అదీ కుంటుతూ.