సీఈఓ గారి కారు చల్లగానే ఉంది

రేకుల షెడ్డు వేడికి కుప్పమ్మ పడిపోయినా బెల్టు ఆగలేదు. ఆమె ఏరాల్సిన కుళ్ళుకాయలూ మంచికాయలూ కలిసి ఆమె తల పక్కనుంచే వెళ్ళిపోతున్నాయి.

"జయరావన్నా, బెల్టు ఆపు! అక్క కండ్లు తేలేసింది!" ఎదురుగా కాయలు ఏరుతున్న నాగవేణి అరిచింది.

చిత్తూరు శివారులోని ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి జయరావు సూపర్‌వైజరు. చెడ్డవాడేమీ కాదు. తుమ్మొస్తే ముంబైకి ఫోన్ చేసి, సీఈఓ గారు సరేనంటేనే తుమ్ముతాడు. బెల్టు ఆగాలన్నా, కంపెనీ కారు గేటు దాటాలన్నా ఆయన మాట కావాలి. ఆయనేమో విమానంలో ఉన్నాడు. ఫోను మూగబోయింది.

కారు మాత్రం వేపచెట్టు కింద ఏసీ వేసుకొని నిలబడి ఉంది. రేణిగుంటలో ఆయన దిగేసరికి సీటు చల్లబడి ఉండాలి కదా.

"కారిస్తే నా ఉద్యోగం పోతాది మే. ఆంబులెన్సు దావలో ఉండాది," అన్నాడు జయరావు.

ఆడవాళ్ళే ఆమెను గోతంపట్టాలో మోసుకొచ్చారు. ఆంబులెన్సు రాకముందే గేటు దగ్గర, నాగవేణి ఒళ్ళో, మామిడి సొన కాల్చిన కుప్పమ్మ వేళ్ళు కదలడం మానేశాయి.

గేటు మీద బ్యానరు: 'మా విజయానికి ఏకైక కారణం మా సీఈఓ గారి దూరదృష్టి.' వానకూ తోటలకూ అందులో చోటు దొరకలేదు. ఆయన సంతకం లేనిదే తోతాపురి మామిడి పూత పూయదని ఆఫీసులో గట్టి నమ్మకం. నిన్నటిదాకా నాగవేణిదీ అదే నమ్మకం. ఆయుధపూజనాడు మిషన్లకు పెట్టినట్టే ఆయన ఖాళీ కుర్చీకి గంధం, కుంకుమ పెట్టింది ఆమే. "సామీ, నువ్వు సల్లంగుంటేనే మా పొయ్యి రగిలేది," అని గుమ్మడికాయతో దిష్టి తీసింది కుప్పమ్మ.

నాగవేణి లేచి షెడ్డులోకి వెళ్ళింది. ఎర్ర మీట నొక్కింది. బెల్టు ఆగింది. తర్వాత అందరూ బయటికొచ్చి శవం చుట్టూ కూర్చున్నారు.

"ఆయప్ప ఈడికి రావల్ల. అక్క తన బెల్టుకాడే సచ్చిందని ఆయప్పే చెప్పల్ల. ఇంగెవురు పడినా, ఎవుర్నీ అడక్కుండా బెల్టు ఆగల్ల, కారు కదలల్ల," అంది నాగవేణి.

"కోపమొచ్చి మూసేస్తే ఏం తినల్లమే?" పక్కన కూర్చున్న సుబ్బులమ్మ భయపడింది. "పెద్దతల లేకుండా కంపెనీ నిలబడతాదా?"

"ఆయప్పొచ్చేది నెలకొక తూరి," జెస్సీ విసురుగా అంది. "తక్కిన దినాలు కాయలేరింది ఎవురు, నీ మొగుడా?"

నవ్వారు. శవం పక్కన నవ్వినందుకు మళ్ళీ ఏడ్చారు.

బయట కాయలతో ఆగిన ట్రాక్టర్ల వరసలోంచి రైతు మునివెంకటప్ప ఊగిపోతూ వచ్చాడు. "కాయంతా ఎండకు కుళ్ళిపోతాండాది! బెల్టు తిప్పండి మే!"

"అక్కనీ అట్లనే పెట్టినారు నాయనా, ఆ రేకుల కింద. నీ కాయే ఏరతా పడింది," అంది నాగవేణి.

మునివెంకటప్ప శవం దగ్గరికి నడిచాడు. భుజం మీది తువ్వాలు తీసి కుప్పమ్మ పాదాలకు కప్పి, అక్కడే కూలబడ్డాడు. "కుళ్ళితే కుళ్ళనీ."

సాయంత్రం రేణిగుంట నుంచి సీఈఓను ఎక్కించుకొని కారొచ్చింది. అద్దం కాస్త దిగింది. లోపలి చల్లగాలి వాళ్ళ మొహాలకు తగిలింది.

"చాలా బాధాకరం," అన్నాడు సీఈఓ. "మీ లీడర్ ఒక్కరు లోపలికి రండి, మాట్లాడదాం."

"లీడరెవురూ లేరు సార్," అంది జెస్సీ.

"ఎవరో ఒకరు నడిపిస్తేనే కదా ఇంతమంది కూర్చునేది!"

"మీరే దిగండి సార్. ఆయమ్మ ముందర మాట్లాడండి."

అద్దం పైకి లేచింది. ఆ రోజు ఆయన సొంతంగా చేసిన పని అదొక్కటే.

తర్వాత పోలీసులొచ్చారు. మీట నొక్కిందెవరో కనుక్కొని, నాగవేణిని వ్యానులోకి తోశారు.

"నిన్ను తీసేస్తే వీళ్ళంతా గంటలో లేచిపోతారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నాగవేణి వెక్కివెక్కి ఏడుస్తోంది. "నేనేపాటి సార్? ఆడ అక్క పండుకోనుండాది. ఆయమ్మని దాటుకోని బెల్టుకాడికి పొయ్యేటోళ్ళు ఎవురుండారు?"

అంతలో రెండో షిఫ్టు ఆటోలు వచ్చి ఆగాయి. క్యారియర్లు పట్టుకొని ఆడవాళ్ళు దిగారు. వాళ్ళకెవరూ ఏమీ చెప్పలేదు. కుప్పమ్మను చూశారు. క్యారియర్లు కింద పెట్టి కూర్చున్నారు. గేటు దగ్గర చోటు నిండిపోయింది. మిగిలినవాళ్ళు వచ్చి వ్యాను ముందు కూర్చున్నారు.

డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

ఎవరూ లేవలేదు.