దూరంగా పడిన చుక్క

ఆ ఇంట్లో పొద్దున సంభావ్యత, మధ్యాహ్నం అనుమితి, సాయంత్రం ప్రతిగమనం. ఈ క్రమాన్ని నిర్ణయించినది మేనత్త. ఆవిడ కళాశాలలో గణాంకశాస్త్రం బోధించి విరమించిన మనిషి. తమ్ముడు పోయాక మరదలికీ ఇద్దరు మేనకోడళ్లకూ తోడుగా వచ్చి, ముందుగదిలో ఒక నల్లబల్ల బిగించి, పేటలోని పిల్లలకు పాఠాలు చెప్పసాగింది.

ప్రతిగమనం పాఠంలో ఆ నల్లబల్ల మీద చుక్కలు పెట్టి వాటి మధ్యగా ఎవరు గీత గీసినా, అది ముందుగదిలో ఈ గోడ నుండి ఆ గోడకు తీగలా నిలిచేది. చుక్కలు గీతకు దగ్గరగా కుదిరితే తీగ బిగువుగా ఉండేది. చెదిరితే వదులయ్యేది. అమ్మాయిల తల్లి దాని మీద బట్టలు ఆరవేసుకునేది. ఎరువుకూ దిగుబడికీ గీసిన గీతైనా, ఎత్తుకూ బరువుకూ గీసిన గీతైనా ఆవిడకు ఒకటే. దుప్పటి ఆరితే చాలు.

"వదినా, ఇవాళ్టి గీత మరీ సన్నంగా ఉంది. తువ్వాళ్లకి తప్ప పనికిరాదు" అని వెనుకగదిలో దిండు గలీబులు కుట్టుకుంటూ అరిచేది.

"నమూనా చిన్నదమ్మా. రేపు పెద్దది తీసుకుంటాలే, పరుపు కూడా ఆరేసుకుందువు గాని" అని అత్త బదులిచ్చేది.

మనుషుల గురించిన లెక్క వేసినప్పుడు మాత్రం ఎవరి చుక్క వారి భుజం మీద కూడా పడేది. తెల్లని సుద్దచుక్క. స్నానం చేసినా పోదు. పాఠానికి వచ్చే పిల్లల తల్లులు చొక్కాలు ఉతికీ ఉతికీ విసుగెత్తి, భుజం మీద చుక్క ఉంటే బుద్ధిగా చదువుతున్నట్టే అని సరిపెట్టుకున్నారు.

ఆ సంవత్సరం ఇళ్ల లెక్క తీసే కార్యాలయంలో ఉద్యోగాలు పడ్డాయి. ఏ పేటను ఆ పేట మనిషే లెక్కించాలన్నది వారి నియమం. కనుక ఈ పేటకు ఒక్కటే ఉద్యోగం. పెద్దమ్మాయికి వయసు మించిపోతున్నది. ఇదే చివరి అవకాశం. లోగడ పరీక్ష రాసినప్పుడల్లా, నమూనాను బట్టి నిర్ణయం చెప్పే అనుమితి దగ్గర తప్పింది. చిన్నమ్మాయి మొదటిసారి రాస్తున్నది. ఆమె పగలంతా చెప్పుల దుకాణంలో వచ్చినవారి పాదాలు కొలిచి జోళ్లు తొడిగేది. ఇంటికి వచ్చి పుస్తకం తెరిచి, అరగంట కాకముందే మూసేది. అయినా అత్త పెట్టే వారాంతపు పరీక్షలో మొదటి మార్కు ఆమెదే.

"ఎలాగే నీకు?" అని పెద్దది ఒకసారి అడిగింది. అది నిజంగా అడగడం కాదు, ఏడవడం.

"నా మొహం చూస్తే జాలేసి అంకెలే వచ్చి ఒళ్లో కూర్చుంటాయే అక్కా. నువ్వు వాటిని జుట్టు పట్టుకు లాగుతావు, పాపం" అని చిన్నది నవ్వింది.

పెద్దది నవ్వలేదు.

పుస్తకంలోని లెక్కలన్నీ అయిపోయిన నాడు అత్త అంది: "ఇక ఊళ్లోవాళ్ల పంటలు మనకెందుకు? మన లెక్క మనమే వేసుకుందాం. నా దగ్గర చదివే ప్రతివాడూ రోజుకు ఎంతసేపు సాధన చేస్తాడో, ఎన్ని మార్కులు తెచ్చుకుంటాడో పట్టిక వెయ్యి. గీత గియ్యి. ఎంత కూర్చుంటే అంత వస్తుందని నేను పదే పదే మొత్తుకుంటున్నది నిజమో కాదో ఆ గీతే చెబుతుంది."

పెద్దది వేసింది. అందరినీ అడిగి రాసింది, చెల్లెలిని తప్ప. చెల్లెలి అరగంట తాను కళ్లారా చూస్తున్నదే కదా, అడగడమెందుకు? గీత గీయగానే వెనుక నుండి కేక వచ్చింది.

"ఎవరే ఆ గీత గీసింది? ఉతికిన దుప్పటి నేల మీద పొర్లుతోంది!"

నల్లబల్ల మీద మందుల కొట్టువాడి కూతురు, కుట్టుమిషను వాడి కొడుకు, నిద్రమొహం అని అందరూ పిలిచే పొడుగాటి పిల్లవాడు, పెద్దది, తక్కినవారు ఒక బారుగా పైకి ఎక్కుతున్నారు. ఎడమవైపు పైన, ఎవరికీ సంబంధం లేనట్టు, ఒక చుక్క ఒంటరిగా ఉంది. అది చిన్నమ్మాయిది. ఆ ఒక్క చుక్క గీతనంతటినీ తనవైపు లాగుతున్నది.

అత్త కళ్లజోడు సవరించుకుంది. ఎంత కూర్చుంటే అంత అని పిల్లల తల్లిదండ్రులకు ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చిన మాటను సొంత మేనకోడలే అబద్ధం చేయడం ఆవిడకు నచ్చలేదు.

"దూరంగా పడ్డ చుక్కని తీసెయ్యొచ్చు. కాని ఎందుకు దూరంగా పడిందో ముందు అడగాలి. కొలతలో తప్పుందేమో చూడాలి. అడిగావా దాన్ని?"

"అడిగానత్తా."

"ఏమంది?"

"ఏదో అదృష్టం అంది."

అత్త ఒక్క క్షణం మేనకోడలి ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో అబద్ధం కనబడిందో లేదో గాని, నల్లబల్ల మీది వంకర గీత మాత్రం బాగా కనబడింది. తుడుపుగుడ్డ తీసి చేతికిచ్చింది.

పెద్దది చుక్కను తుడిచి గీత మళ్లీ గీసింది. తీగ టంగుమని బిగుసుకుంది. తల్లి వచ్చి దాని మీద తడిపరదాలు కూడా వేసి, "ఆహా, ఇదీ గీతంటే! దీన్ని ఇలాగే ఉంచండి" అంది.

ఆ సాయంత్రం చిన్నది బస్సు దిగి నవ్వుతూ వచ్చింది. "కండక్టరు టికెట్ అడగలేదే అక్కా! పక్కనున్న ముసలాయన్ని అడిగాడు, వెనకాల పిల్లని అడిగాడు, నన్ను దాటి వెళ్లిపోయాడు. ఇవాళ నేను రాజుగారి కూతుర్ని!"

తల్లి కంచాలు పెట్టింది. అత్తకు, పెద్దదానికి, తనకు.

"అమ్మా, నాది?"

"రేపు కందిపప్పు తేవాలి వదినా" అని తల్లి అత్తతో అంది.

"అమ్మా, నాకు కంచం పెట్టలేదు."

తల్లి లేచి, చిన్నది నిలబడ్డ చోటును చుట్టి, మంచినీళ్లు తెచ్చుకుంది. ఢీకొనలేదు. కుర్చీనో బల్లనో తప్పుకున్నట్టు తప్పుకుంది. కనబడక కాదు. లెక్కకు రాలేదంతే. చిన్నది అత్త చేయి పట్టి ఊపింది. అత్త ఆ చేతిని మరో చేత్తో గోక్కుని పప్పు కలుపుకుంది.

చిన్నది అద్దం ముందు నిలబడి భుజం చూసుకుంది. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల కనుక ఆమెకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. తిన్నగా అక్క దగ్గరకు వెళ్లింది.

"నా చుక్క ఏదే?"

పెద్దదానికి మాత్రం ఆమె మాట వినబడింది. తుడిచిన చేయి కదా, దానికి జ్ఞాపకం ఉంటుంది.

"దూరంగా పడింది. తీసేశాను."

"ఎంతసేపు రాశావు నాకు?"

"అరగంట."

"అరగంటా!" చిన్నది నోరు తెరిచింది. "ఒసేయ్, దుకాణంలో నేను చేసేదేమిటే? కొలిచిన ప్రతి పాదంతో లెక్క వేస్తాను. మగవాళ్ల సగటెంత, ఎడమకాలికీ కుడికాలికీ తేడా ఉందా, తర్వాత వచ్చేవాడి కొలత ఎంత ఉండొచ్చు, అన్నీ. పెట్టె తెరిచేలోగా ఊహించి, కొలిచి సరిచూసుకుంటాను. బస్సులో అదే పని, సంతలో అదే పని. ఇంటికొచ్చేసరికి బుర్ర వాచిపోయి ఉంటుంది, అందుకే పుస్తకం మూసేస్తాను. నన్నడిగితే చెప్పేదాన్ని కదే!"

పెద్దది మనసులోనే ఆ చుక్కను జరిపి చూసింది. పొద్దున నుండి సాయంత్రం దాకా సాధన. అప్పుడు చుక్క ఎడమ నుండి కుడికి జరిగి సరిగ్గా గీత మీదనే కూర్చుంటుంది. గీత వంగదు. ఒక్క దుప్పటి కూడా జారదు. కాని అది గీత కొసన ఉంటుంది. తన చుక్క కంటే బాగా పైన.

"పరీక్ష అయ్యాక పెడతానులే" అంది.

"అయ్యాకా? హాల్లో నాకు పేపరెవరిస్తారే?"

"ఇస్తారు. పిచ్చిదానిలా మాట్లాడకు."

చిన్నది తానే సుద్దముక్క తీసుకుని నల్లబల్ల దగ్గరకు వెళ్లింది. లెక్కలో లేని చేయి పెట్టిన గుర్తు ఆ బల్ల మీద నిలవలేదు. సుద్ద పొడిపొడిగా నేలకు రాలింది. వచ్చి ఊడ్చిన తల్లి, "ఈ పిల్లలకు సుద్దంటే లక్ష్యం లేదు" అని గొణుక్కుంది.

దుకాణం యజమాని ఆ వారంలోనే పాదాలు కొలిచే పీట మీద మరొక అమ్మాయిని కూర్చోబెట్టాడు. చిన్నది వెళ్లి చూస్తే ఆ పీట మీద ఖాళీ లేదు. తిరిగి వచ్చి, ఇంట్లో మిగిలినది గిన్నెలోనే తిని, అక్క పక్కనే కూర్చుని సాధన చేయించసాగింది. వేరే ఎవరితో మాట్లాడుతుంది?

"సంచిలో ఎర్ర గుండీలు, నల్ల గుండీలు ఉన్నాయి. తీసినదాన్ని మళ్లీ సంచిలో వేశావా లేదా? ముందు అది చూడవే. వెయ్యకపోతే రెండోసారి సంభావ్యత మారుతుంది."

"తెలుసులే."

"తెలిస్తే తప్పెందుకు వేశావు, మొద్దూ?"

పరీక్ష నాడు ఇద్దరూ కలిసే వెళ్లారు. కాగితాలు పంచే అధికారి ఒక్కొక్క బల్ల మీద ఒక్కొక్కటి పెడుతూ వచ్చాడు. పెద్దదాని ముందు పెట్టాడు. చిన్నదాని బల్లను దాటి వెనుక బల్ల మీద పెట్టాడు. చిన్నది చేయెత్తింది. లేచి నిలబడింది. "అయ్యా, నాకివ్వలేదు" అని ఆయన ఎదురుగా వెళ్లి అరిచింది. ఆయన ఆవలించి గడియారం చూసుకున్నాడు.

పెద్దది తల వంచుకుని పేరు రాసుకుంది.

కాసేపటికి చిన్నది వచ్చి అక్క పక్కన చేరింది. ముక్కు తుడుచుకుని, అక్క కాగితంలోకి తొంగిచూసింది. దీపాల ఆయుర్దాయం గురించిన లెక్క. పెద్దది ప్రతిసారీ తప్పే చోటే మళ్లీ తప్పబోతున్నది.

"ఆగాగు. తేడా ఉందా అని అడిగాడు. తగ్గిందా అని అడగలేదు. ఒక వైపే చూస్తావేం? రెండు కొసలూ చూడు."

పెద్దది కొట్టివేసి మళ్లీ రాసింది.

"ఇప్పుడు 'తేడా లేదు' అనే శూన్య పరికల్పన నిలుస్తుంది. నిజమని రుజువైందని మాత్రం రాయకే తల్లీ, త్రోసిపుచ్చడానికి ఆధారం చాలలేదని రాయి. అంతే తేడా. నువ్వు పాసవ్వాలి. పాసైతేనే కదా నా చుక్క పెడతావు."

పెద్దది పాసైంది. పేటలో మొదటి స్థానం. అత్త వీధిగుమ్మంలో నిలబడి వచ్చేపోయేవారినందరినీ పిలిచి, "చూశారా, కూర్చున్నవాళ్లకే వస్తుంది!" అని చెప్పింది. పాఠాలకు కొత్త పిల్లలు వరుస కట్టారు. వచ్చిన ప్రతి తండ్రికీ ఆవిడ ఆ గీతనే చూపేది. పెద్దది ఒకసారి సుద్ద పట్టుకుని నల్లబల్ల దగ్గరకు వెళ్లబోతే చేయి మీద చరిచింది.

"దాన్ని ముట్టుకోకు. అంత చక్కని గీత నా జన్మలో రాలేదు."

"ఒక చుక్క పెట్టాలత్తా."

"ఎవరిది?"

చిన్నది అక్క వెనుకే నిలబడి, "చెప్పవే, చెప్పు" అని వీపు మీద పొడుస్తున్నది. నిజం చెబితే చెల్లెలిని అడగలేదన్న సంగతీ చెప్పాలి. పరీక్ష మళ్లీ పెట్టమంటారేమో. మళ్లీ పెడితే మొదటి స్థానం ఎవరిదో పెద్దదానికి తెలుసు.

"ఎవరిదీ కాదులే" అంది.

"అత్తకి భయపడ్డావు కదూ?" అని చిన్నదే అక్కను సమర్థించింది. "సరే, రేపు ఆవిడ బయటికెళ్లినప్పుడు పెట్టు."

ఆ రేపు రాలేదు. ఉద్యోగం వచ్చింది. భుజాన సంచీ, మెడలో గుర్తింపు బిళ్ల. ప్రతి ఇంటి తలుపూ తట్టి, ఇంటావిడ చెప్పినది చెప్పినట్టు రాసుకోవాలి. సొంతంగా ఏదీ కలపకూడదని మొదటిరోజే పై అధికారి గట్టిగా చెప్పాడు. పెద్దది ఆ పని శ్రద్ధగా చేసింది. ఒక్క తప్పు లేదు. వీధి తరువాత వీధి లెక్క తీస్తూ, ఒక మధ్యాహ్నం తమ ఇంటి తలుపే తట్టింది.

తల్లి చేతిలో సూదితో వచ్చి నవ్వింది. "ఇదేమిటే, మా లెక్క కూడా నువ్వే అడుగుతావా?"

"అడగాలమ్మా. నియమం. ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"ఎంతమందేమిటి? నేను, మీ అత్త, నువ్వు. ముగ్గురం."

తల్లి వెనుక, గడప మీద, చిన్నది నిలబడి ఉంది. ఎన్నాళ్ల నుండి సరిగా తినలేదో, రవిక భుజాల మీద నుండి జారుతున్నది. ముఖం మాత్రం వెలిగిపోతున్నది. ఇన్నాళ్లకు ఉపాయం తట్టినట్టుంది.

"అక్కా! బోర్డు అక్కర్లేదే! ఇక్కడ రాసేసెయ్, చాలు. సర్కారు లెక్కలో ఉన్నానంటే ఎవరు కాదంటారు? రాసుకో. రెండో కూతురు. ఇరవై నాలుగు నిండాయి. చదువు రాస్తావా, పని రాస్తావా? పని దగ్గర పాదాలు కొలవడం అని రాయి, నవ్వుతారేమో గాని రాయి..."

పెద్దది కలం పట్టుకుని నిలబడింది. తల్లి కూతురి ముఖంలోకి చూసింది.

"ఏమిటే ఆలోచిస్తున్నావు? లెక్క సరిపోలేదా?"

"ఇంటావిడ చెప్పిందే రాయాలి" అని పెద్దది మెల్లగా అంది. ఎవరితో అన్నదో తల్లికి తెలియలేదు.

"చెప్పాగా, ముగ్గురమని."

పెద్దది ముగ్గురు అని రాసింది. కింద గీత కొట్టి సంతకం చేసింది.

చిన్నది ఇంకా చెబుతూనే ఉంది. పెదవులు కదులుతున్నాయి. వాటి నుండి మాట రావడం లేదు. తరువాత పెదవులూ కనబడలేదు.

పెద్దది కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. గడప వైపు మరొకసారి చూసింది. ఎండ పడుతున్న ఖాళీ గడప. దాని ముందు ఇంతసేపు ఎందుకు నిలబడ్డానా అని ఆశ్చర్యపడి, చెమట తుడుచుకుని పక్కింటి తలుపు తట్టింది.